సుగ్గికి పోయినవాళ్ల రాళ్లు

రాయలసీమలో పుట్టి యాభై ఏళ్లు దాటినా కోసిగి వైపు ఒక్కసారీ పోలేదని ఒప్పుకోవడానికి నాకు నామోషీగానే ఉంది. కడపలో ఉండే మేము తిరుపతికి పోతాం, బెంగుళూరుకు పోతాం, జబ్బు చేస్తే వేలూరుకు పోతాం. పడమటి కర్నూలుకు మాత్రం పని లేకుండా ఎవరూ పోరు. మొన్న క్రిస్మస్ సెలవుల్లో నాకు పని పడింది.

పని పెట్టినవాడు సుబ్బరాయుడు. ఒకప్పుడు మా డిగ్రీ కాలేజీలో చివరి బెంచీ మీద కూర్చుని నా చరిత్ర పాఠాలకు హాయిగా నిద్రపోయినవాడు. ఇప్పుడు ఆ చరిత్రే అతనికి కూడు పెడుతోంది. పల్లె రోడ్ల మీద ప్రమాదాలు జరిగే మలుపులను సరిచేస్తున్నారు. తవ్వే ముందు అక్కడ పాత రాళ్లు, సమాధులు, గుడి పునాదులు ఏమైనా ఉన్నాయేమో ఎవరో ఒకరు చూసి రాసివ్వాలి. ఆ పని సుబ్బరాయుడిది. మూడు మలుపుల జాబితా పట్టుకుని, పాత అక్షరాలు చదివే మనిషి కావాలంటూ వచ్చాడు. శాసనాలు చదవడం నాకు ఇరవై ఏళ్లుగా ఉన్న పిచ్చి.

"రోడ్డు పక్క రాళ్లు చూసినందుకు జీతమిస్తారా?" అన్నాడు మా ఆయన.

"మీ పక్కన కూర్చుని టీవీ చూసినందుకు ఇస్తున్నారా?" అని సంచి సర్దుకున్నాను.

జీపులో మేం ముగ్గురం. తోలేది సుబ్బరాయుడే. వెనక సీట్లో షాహీన్. కడప అమ్మాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. ఫోటోలు తీయడం, కొలతలు రాయడం ఆమె పని. ఎరుపు తెలుపు గీతల కొలత కర్రను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ముగ్గురాయి ఊరు

మొదటి రోజు మంగంపేట. ఇక్కడ గనుల్లో ముగ్గురాయి, అంటే బెరైటీస్, తీస్తారు. లారీలు పోయే దారిలో ఆకులు, పాకలు, కుక్కలు అన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. టీ బంకు దగ్గర మలుపులో నిలువుగా పాతిన ఒక రాతి కూసం కనిపించింది. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది పాత కాలపు పొలిమేర రాయి అనీ, చెక్కిన తీరు చూస్తే తెలుస్తోందనీ సుబ్బరాయుడికి పావుగంట చెప్పాను. షాహీన్ నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీసింది.

టీ బంకాయన అంతా విని, గ్లాసులు కడుగుతూనే అన్నాడు. "మా నాయన పాతినాడు మేడం. బర్రెను కట్టేసేకి."

నాకు నవ్వు రాలేదు. ఆయనకు మాత్రం నా మీద జాలి కలిగినట్టుంది. టీకి పది రూపాయలు తీసుకుని, బంకు కింద నుంచి పిడికిలంత ముగ్గురాయి తీసి నా చేతిలో పెట్టాడు. "చూసేకి ఇంతే. బరువు చూడు." నిజమే, చెయ్యి కిందికి జారిపోయింది. ఇనుప గుండులా ఉంది. దాన్ని నా చేతిసంచిలో వేసుకున్నాను. యాత్ర పొడుగునా నా భుజం ఆయన్ను తలుచుకుంటూనే ఉంది.

రత్నమ్మ ఇంటి అన్నం

రెండో రోజు జమ్మలమడుగు దాటాక ఒక క్రైస్తవుల ఊరు. రాతితో కట్టిన పాత చర్చి, దాని పక్కనే సమాధులు, సమాధులకు ఆనుకుని మలుపు. ప్రతి ఇంటి ముందూ కాగితం నక్షత్రం వేలాడుతోంది. కొత్త రోడ్డు గీత సమాధుల మీదుగా పోతుందేమో కొలవాలి. జీపు ఆగీ ఆగకముందే నేను దిగి, రెండు సమాధుల మధ్య నుంచి చకచకా నడిచాను.

"ఎవురిదో అడిగి కాలు పెట్టమ్మా," అని వెనక నుంచి ఒక గొంతు.

ఆమె రత్నమ్మ. కూలి పనులు చేసుకునే మనిషి. సమాధుల దగ్గర చెత్త ఊడ్చే బాధ్యత కూడా ఆమెదే, ఎవరూ అప్పగించలేదట, తనే పెట్టుకుంది. సగం సమాధుల మీద పేర్లు చెరిగిపోయాయి. ఆమె ఒక్కొక్కదాని దగ్గరా నిలబడి, ఇది ఫలానా దేవదానం తాతది, ఇది పురిట్లో పోయిన సువార్తమ్మది అని చెబుతూ పోయింది. షాహీన్ ఒక్కొక్క పేరూ రాసుకుని, అడిగి అడిగి అడుగు పెట్టింది. నేను గట్టు మీద నిలబడి, ఈ లెక్కన సాయంత్రమవుతుందని సణిగాను.

అయింది కూడా. కానీ రోడ్డు గీత సమాధులకు గజం దూరంలో పోతుందని తేలింది. రత్నమ్మ మమ్మల్ని కదలనివ్వలేదు. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ, నాటుకోడి పులుసు. మా ఇంట్లో సంగటి చేస్తే పిల్లలు మొహం చిట్లిస్తారు. ఇక్కడ షాహీన్ రెండు ముద్దలు తింది, నేను ఎన్ని తిన్నానో చెప్పను. వచ్చేటప్పుడు రత్నమ్మ నా చేతిలో అరిసెల పొట్లం పెట్టి, "నీకు తొందరెక్కువమ్మా," అంది. మందలింపు కాదు, మా అమ్మ జ్వరం చూసి చెప్పినట్టు చెప్పింది. అప్పుడు ఆ మాటను అరిసెల పొట్లంతో పాటు సంచిలో పడేశాను. మరుసటి రోజు గుర్తుకొచ్చి ఉంటే బాగుండేది.

ఉగ్గాని, ఆ తర్వాత మలుపు

మూడో రోజు పొద్దున ఆదోనిలో ఉగ్గాని బజ్జీ. బొరుగులు నానబెట్టి, ఉల్లిపాయ, పుట్నాల పొడి వేసి తిప్పుతారు, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ముప్పై రూపాయలు. కడప కారం దోశ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇది దానికి తీసిపోదు. ఐదువందల నోటిస్తే హోటలామె, "చిల్లర దుడ్లు లేవాక్కా?" అంది. దుడ్లు అంటే డబ్బులు. కన్నడ గాలి ఇక్కడి నుంచే మొదలు.

కోసిగి దాటాక నేల ఎర్రగా, గులకరాళ్లతో నిండిపోయింది. మేం పోయిన ఊరి పేరు రాయను. చిన్న ఊరు. సగం తలుపులకు తాళాలు, తాళాల ముందు కుక్కలు దూరకుండా కంప. అందరూ సుగ్గికి పోయారు. పనులు లేని నెలల్లో గుంటూరు వైపు పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ వలస పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. పిల్లాజెల్లా అందరూ పోతారు, ఉగాదికి తిరిగొస్తారు.

ఊరికి అర మైలు ముందు మలుపు. ఒక పక్క వాననీళ్లు పారే వంక, ఇంకో పక్క మట్టికట్ట. ఆ కట్ట లోపలి అంచున, కంపచెట్ల మధ్య, నడుమెత్తు వీరగల్లు. పోరాటంలో చచ్చినవాడికి ఊరు నిలబెట్టిన రాయి అది. కత్తి ఎత్తిన మనిషి, అతని వెనక రెండు ఆవులు, కింద మూడు వరుసల అక్షరాలు. రాయి పాదాల దగ్గర బోలెడన్ని గుండ్రాళ్లు. నా గుండె ఎగిరింది. ఇది బర్రెను కట్టేసిన కూసం కాదు.

కట్ట మీద కుంటుతూ ఒకామె వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. వెనక మూడు మేకలు.

"యాడ నుంచొచ్చినారమ్మా?"

"కడప నుంచి."

"రోడ్డు సక్కగ చేసేకేనా?"

"ముందు రాయి చూడాలి."

"రాయిని నేను ముప్పై ఏండ్ల నుంచి చూస్తాండా. దానికేం రోగం లేదు. రోడ్డుకే రోగం."

నాలాంటి నోరే. నాకు నచ్చింది. పేరు ఈరమ్మ. నిలబడే చెప్పింది. పోయిన ఉగాదికి ముందు తనూ మొగుడు నాగప్పా సుగ్గి నుంచి తిరిగొస్తూ ఆదోనిలో ఆటో ఎక్కారు. ఈ మలుపులో ఎదురుగా ట్రాక్టరు. కట్ట అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడలేదు.

"నాకి కాలు పాయ. ఆయప్పకి పానమే పాయ." గడ్డంతో కోసిగి వైపు చూపించింది. "ఆడ. ఇంగ ఇరవై అడుగులుంటే రాయి కాడికి చేరుతాండె."

రాయి దగ్గరికి చేరితే ఏమయ్యేదో నాకు అర్థం కాలేదు. అడగాలనీ తోచలేదు.

"ఈ ఏడు నా కూతురు ఉరుకుందమ్మ, అల్లుడు, మనవరాలు పోయినారు. ఉగాదికి ఈ దోవలోనే రావల్ల. అంతలోపల సక్కగైతాదాప్పా?"

సుబ్బరాయుడు గొంతు సవరించుకున్నాడు. "మేం రాసిచ్చే దాన్ని బట్టి ఉంటుందమ్మా. కట్ట కోస్తేనే మలుపు తెరుచుకుంటాది. కట్ట కోయాలంటే రాయి తీయల్ల."

"ఏం రాస్తావు మరి?"

అతను నా వైపు చూశాడు. నేను రాయిని ఇంకోసారి చూసి అన్నాను. "ఐదువందల ఏళ్లుగా ఇక్కడే నిలబడిన రాయి. అంగుళం కదలకూడదు. రోడ్డే పక్కకు పోవాలి."

"పక్కన వంక ఉంది మేడం."

"అది రోడ్డు వాళ్లు చూసుకుంటారు."

మేమిద్దరం అరగంట వాదించుకున్నాం. వాదన మధ్యలో ఈరమ్మ నెమ్మదిగా అంది. "రాయి మొదట్నుంచి ఈడ లేదమ్మా. మా జేజి చెప్తాండె, వంక అవతల నుంచి నడిచొచ్చినాదంట." జేజి అంటే నాయనమ్మ.

"రాళ్లు నడవవు ఈరమ్మా," అన్నాను, క్లాసులో అన్నట్టు.

"నీకి తెలిసినంత మా జేజికి తెలవదులే," అని మేకల వెంట పోయింది.

నేను చేసిన పని

షాహీన్ రాయిని ఫోటోలు తీస్తోంది. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి, తర్వాత కర్ర పక్కన పెట్టి, ఆ తర్వాత కింద ఉన్న గుండ్రాళ్లను పైనుంచి.

"ఒక రాయికి ఇన్నా? పెళ్లి ఆల్బమా?" అన్నాను.

"ఎట్లున్నది అట్లనే ముందు తీసుకోవల్ల మేడం. రూలు," అంది, తలెత్తకుండానే.

పొద్దు వాలుతోంది. మూడో వరుస అక్షరాలు గుండ్రాళ్ల వెనక సగం దాగాయి. శాసనం మీద తడి కాగితం వేసి, బ్రష్షుతో కొట్టి, మసి పూసి అక్షరాల అచ్చు తీస్తాం. అది వెలుగు ఉండగానే జరగాలి. షాహీన్ కెమెరా మూత పెట్టిన మరుక్షణం నేను వంగి, రెండు చేతులతో గుండ్రాళ్లను తీసి పక్కకు వేశాను. పెద్దవాటిని కుప్పగా, చిన్నవాటిని రోడ్డు పక్క కాలువలోకి.

అచ్చు బాగా వచ్చింది. మురిసిపోతూ కాగితాన్ని ఎత్తి చూపిస్తున్నాను. అప్పుడే మేకలతో ఈరమ్మ తిరిగొచ్చింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రాయి పాదాల దగ్గరి ఖాళీ నేలను చూసి, అక్కడే కూలబడింది.

"ఎవురు తీసినారు?"

సుబ్బరాయుడు ఆకాశంలో ఏదో వెతికాడు. నేనే చెప్పాను.

"అవి రాళ్లు కాదు తల్లీ," అంది. "మా మనుషులు."

సుగ్గికి పోయే ప్రతి మనిషీ పోయే రోజు ఒక గుండురాయి తెచ్చి వీరుడి పాదాల దగ్గర పెడతాడు. పెద్దవాళ్లకు పెద్దది, పిల్లలకు చిన్నది. తిరిగొచ్చినప్పుడు ఎవరి రాయి వాళ్లు గుర్తుపట్టి తీసుకుని, వెనక్కి తిరగకుండా భుజం మీదుగా చేనులోకి విసిరి, అప్పుడే ఇంటికి పోతారు. అంతవరకూ ఆ మనిషిని వీరుడు కాస్తుంటాడు. కాపలాలో ఉన్న యాభై మందిని నేను చెల్లాచెదురు చేశాను.

రత్నమ్మ మాట అప్పుడు వినిపించింది. ఎవురిదో అడిగి కాలు పెట్టమ్మా.

చేతిలోని అచ్చు కాగితాన్ని కింద పెట్టేశాను. షాహీన్ ఈరమ్మ పక్కన గొంతుక్కూర్చుని, కెమెరా తెర వెలిగించి, పైనుంచి తీసిన ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది.

"అమ్మా, చూడు. ఏది యాడుండేదో అంతా ఈడ ఉండాది."

పెళ్లి ఆల్బమ్ అన్నాను కదా. ఆ ఆల్బమ్ చూసే ఒక్కొక్క రాయినీ వెనక్కి పెట్టాం. షాహీన్ చోటు చూపిస్తుంది. నేను మోకాళ్ల మీద పాకుతూ రాయి తెచ్చి పెడతాను. ఈరమ్మ పేరు చెబుతుంది. "ఇది మారెప్ప. ఇది వాని పెండ్లాము. ఎర్ర మచ్చది మా ఉరుకుందమ్మ. సపాటుండేది అల్లుడు, మనిషీ అంతే." యాభై మందీ ఆమెకు నోటికొచ్చు. నా క్లాసులో యాభై మంది పేర్లు నాకు ఇప్పటికీ రావు.

చివరికి ఒకటి తగ్గింది. ఉరుకుందమ్మ పక్కన ఉండాల్సిన చిన్నది, మనవరాలిది. కాలువలో ఎంత వెతికినా దొరకలేదు. సిగ్గుతో నా బుర్ర పనిచేయక, సంచిలోంచి ముగ్గురాయి తీసి, "దీన్ని పెడదామా?" అన్నాను.

ఈరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తూచింది. "శానా బరువుండాది. మా పిల్ల ఇంత ల్యా. కోడిపిల్లంత ఉంటాది." ఇంతసేపట్లో మొదటిసారి ఆమె పెదాలు కదిలాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మళ్లీ కాలువలోకి దిగాను. కంప మోచేతి దాకా గీరింది. ముళ్ల కింద, నా చెప్పు అచ్చులోనే దొరికింది, రేగిపండంత రాయి. నేనే తొక్కి మట్టిలోకి దింపేశాను. కొంగుతో తుడిచి ఉరుకుందమ్మ పక్కన పెట్టాను.

ఎడమ చివర విడిగా ఒక నల్లరాయి మిగిలింది.

"అది ఆయప్పది," అంది ఈరమ్మ. "పోయిన ఏడుది. వచ్చినోల్లే తీసుకోవల్ల కదా. వీరుని కాడికి రాలే. నేను తీసేకి లేదు."

ఇరవై అడుగుల సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

రాయి కింద

నాలుగో రోజు పొద్దున, గుండ్రాళ్లు లేని వెనక పక్కన, ఈరమ్మను అడిగి మరీ, చిన్న గుంత తీశాం. ఇలాంటి రాయి ఎప్పుడు పాతారో తెలియాలంటే దాని మొదలు చూడాలి. జానెడు లోతులో తారు అంటిన కంకర. ఇంకాస్త కిందికి పోతే, రాయి అడుగుకు ఆనుకుని, గోళీసోడా బుడ్డిలో ఉండే గాజు గోళీ. విజయనగర రాజుల కాలంలో గోళీసోడా ఉండేదని వాదించే శక్తి నాకు కూడా లేదు.

మొదటిసారి తారు రోడ్డు వేసినప్పుడు ఎవరో ఈ వీరుణ్ణి వంక అవతలి నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. రాయి నడిచొచ్చింది.

"మీ జేజి చెప్పింది నిజమే," అన్నాను. ఈ వాక్యం నా నోటి నుంచి రావడం సుబ్బరాయుడికి కొత్త. పలక మీద రాసుకుంటాడేమోనన్నట్టు చూశాడు.

"ఆ అచ్చరాల్లో ఏముండాది?" అని అడిగింది ఈరమ్మ.

చదివి చెప్పాను. పేరు చెరిగిపోయింది. ఊరి ఆవులను దొంగలు తోలుకుపోతే వెంటపడి, వాటిని మరల్చి పంపి, పొలిమేరలో పడిపోయినవాడట.

ఆమె రాయి మీది ఆవులను వేలితో తడిమింది. "ఆవులొచ్చినాయి. ఆయప్ప రాలే."

రాతిలో చెక్కిన మూడు వరుసలకు నేను ఇరవై ఏళ్లు చదివినా ఇంతకన్నా మంచి అర్థం చెప్పలేను.

జీపు బానెట్టు మీదే రాసిచ్చాం. రాయి మొదట నిలిచిన చోట లేదు కాబట్టి, దాన్ని కోసిగి వైపు ఇరవై అడుగులు, రోడ్డు అంచు దాటి వెనక్కి జరపవచ్చు. ఊరివాళ్ల సమక్షంలో జరపాలి. గుండ్రాళ్లను ఫోటో ప్రకారం వరుస తప్పకుండా తీసుకుపోవాలి. చివరి మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది.

"వచ్చినవాళ్లే తీసుకోవాలి కదా. వాళ్లు రాకముందే కదిలిస్తే తప్పు కాదా?"

"వీరుడు నడిస్తే కాళ్ల కాడివి గూడా నడవల్ల కదమ్మా," అంది ఈరమ్మ. "మా జేజి కాలంలో అట్లే నడిచింటాయి."

షాహీన్ కొత్త చోటును కొలిచి సున్నంతో గీత గీసింది. ఈరమ్మ మేకలను వదిలేసి పోయి ఆ గీతలో నిలబడింది. మేం జీపులో సామాను సర్దేంతవరకూ నిలబడే ఉంది.

బయలుదేరేటప్పుడు జొన్నరొట్టెలు, గురెళ్ల కారం, అంటే వెర్రినువ్వుల పొడి, మూటకట్టి తెచ్చింది. జీపు ఎక్కబోతుంటే నా చేతిసంచి పట్టుకుంది.

"నీ రాయి పెట్టల్యా?"

"నాకెందుకు?"

"నువ్వూ పోతాండావు కదా."

ముగ్గురాయి తీసి వీరుడి పాదాల దగ్గర పెట్టాను. ఏ చోటో ఆమే చూపించింది. షాహీన్ ఇంకో ఫోటో తీసింది. ఈసారి నేనేమీ అనలేదు.

ఫోను

ఉగాది పోయిన మూడో రోజు ఫోను మోగింది.

"మేడమ్మా, నేను ఈరమ్మ. పిల్లోల్లు వచ్చినారు."

"మలుపు?"

"కోసినారు. తారు ఇంగా ఎయ్యలే, కంకర పరిచి పోయినారు. యాడ నుంచి ఏం వస్తాండేదీ కనపడతాంది. మా అల్లుడు ఆటో నిలిపిచ్చి, ఇది మనూరి దోవేనా అన్యాడంట."

"రాయి?"

"నడిచె. పదిమంది పట్టినారు. ఫోటో చూసి అన్నీ సర్దినాము. అందరూ వచ్చి ఎవురిది వాల్లు తీసుకున్యారు. మా పిల్లకి దాని రాయి చిన్నదైపాయ, నాది కాదని ఏడ్చె. నాలుగు నెల్లకే పెరిగె చూడు."

వెనక మేక అరుస్తోంది.

"ఆయప్పది గూడా తీసేస్తి. ఇన్నాల్లూ ఆయప్ప వీరుని కాడికి రాలేకపాయ. ఇప్పుడు వీరుడే ఆయప్ప పడిన తావుకి వచ్చె. చేరినట్లే కదా? తిరిగి చూడకుండ చేనులోకి ఇసిరేస్తి."

నేను ఊఁ అన్నాను.

"ఇంగ నీదొక్కటే ఉండాది మేడమ్మా. అది మాత్రం నేను తీయను."

"నాకిప్పుడు పరీక్షల పేపర్లు దిద్దే పని ఉంది ఈరమ్మా."

"దిద్దుకో. బరువుండాది కదా, యాడికీ పోదు. నువ్వు రా."